హత్య కేసుల్లో ఉరిశిక్షలు పెరిగితే హత్యలు తగ్గుతాయా?

మిర్యాలగూడ పరువు హత్య కేసులో 2025 మార్చిలో నల్గొండ ప్రత్యేక కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం విధించాక ఈ ప్రశ్న చాలామంది అడుగుతున్నారు. కోర్టులు ఇంత కఠినంగా ఉంటే ఇకనైనా హత్యలు తగ్గవా అని. తగ్గవనే నా నమ్మకం. చంపాలనుకున్నవాడు ఉరి పడుతుందా, యావజ్జీవం పడుతుందా అని ఆలోచించడు, కేసు నిలబడుతుందా లేదా అని మాత్రం ఆలోచిస్తాడు. కేసు నిలబడేదీ, పడిపోయేదీ సాక్షి బోనులోనే. ఒక హత్య కేసులో ప్రత్యక్ష సాక్షిగా ఆ బోనెక్కినవాణ్ణి కనుక ఈ మాట గట్టిగా చెప్పగలను.

ముందు వార్తల్లోని కేసులే చూడండి. మిర్యాలగూడ హత్య జరిగింది 2018 సెప్టెంబరులో. పట్టపగలు, ఆసుపత్రి ముంగిట, సీసీ కెమెరాకు చిక్కిన హత్య అది. దానికి కూడా తీర్పు రావడానికి ఆరున్నరేళ్లు పట్టింది, ఈలోగా 2020లో ప్రధాన నిందితుడు చనిపోయాడు. గుంటూరులో 2021 ఆగస్టు 15న ఒక ఇంజనీరింగ్ విద్యార్థినిని నడివీధిలో పొడిచి చంపిన కేసులో మాత్రం 2022 ఏప్రిల్ చివరికల్లా ఉరిశిక్ష పడింది. హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను బలిగొన్న కేసులోనైతే 2019 జూన్‌లో నేరం జరిగితే ఆగస్టు 8న తీర్పు వచ్చింది, అదే నవంబరులో హైకోర్టు ఆ ఉరిని యావజ్జీవంగా మార్చింది. ఇలాంటి మార్పు జరిగినప్పుడల్లా హైకోర్టు నేరస్థుణ్ణి కరుణించిందంటూ కోపగించుకోవడం సరికాదు. సెషన్స్ కోర్టు వేసిన ఉరిశిక్షను హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు చేయడానికి వీల్లేదని చట్టమే చెబుతోంది. పైగా సుప్రీంకోర్టు ఇచ్చిన 1980 నాటి బచన్ సింగ్ తీర్పు తర్వాత హత్యకు యావజ్జీవమే మామూలు శిక్ష, ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే. పాత శిక్షాస్మృతిలోని 302 సెక్షను పోయి 2024 జూలై నుంచి భారతీయ న్యాయ సంహితలోని 103 వచ్చినా ఈ లెక్క మారలేదు.

ఇక నా అనుభవం. మాది బస్టాండు ఎదుట జిరాక్సు దుకాణం. ఒకనాటి రాత్రి దుకాణం కట్టేసే వేళకు, పొలం గట్టు తగాదాలో ఒక మనిషిని మా మెట్ల ముందే కత్తితో పొడిచారు. పొడిచినవాడు ఒకడు, వెనక నుంచి చేతులు పట్టుకున్నవాడు ఇంకొకడు. పొడిచినవాణ్ణి నేను స్పష్టంగా చూశాను. పట్టుకున్నవాడి ముఖం అటువైపు తిరిగి ఉండటంతో నాకు కనిపించలేదు, పక్కన టీకొట్టు నడిపే పెద్దాయనకు మాత్రం ఎదురుగా కనిపించింది. పోలీసులు ఆ రాత్రే మా ఇద్దరి వాంగ్మూలాలూ రాసుకున్నారు. కేసు విచారణకు వచ్చేసరికి ఏళ్లు గడిచిపోయాయి.

సమన్లు అందుకుని వెళ్తే న్యాయమూర్తి సెలవులో ఉన్నారన్నారు. తర్వాతి వాయిదాకు వెళ్తే నిందితుల తరఫు న్యాయవాదికి ఒంట్లో బాగోలేదన్నారు. సాక్షుల విచారణ మొదలైతే ఏ రోజుకారోజు ఆపకుండా సాగాలని చట్టంలో ఉన్న సంగతి నాకప్పుడు తెలియదు, తెలిసినా అడిగే ధైర్యం ఉండేది కాదు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఆ కోర్టు వరండాలో ఒక బల్ల కూడా లేదు. బెయిలు మీద వచ్చిన నిందితులు, వాళ్ల బంధువులు, సాక్షులమైన మేము, మృతుడి భార్య, అందరం ఆ వరండాలోనే గోడకు ఆనుకుని నిలబడేవాళ్లం.

సాక్ష్యం చెప్పాల్సిన రోజున రెండో నిందితుడి బావమరిది మా పెద్దాయన దగ్గరికి వచ్చి, "బాబాయ్, మనవరాలు ఏ కాలేజీలో చేరిందన్నావు?" అని అడిగాడు. గొంతులో బెదిరింపు లేదు, చూసేవాళ్లకు కుశలప్రశ్నలాగే ఉంది. పెద్దాయన జవాబు చెప్పలేదు. చేతిలో సగం తాగిన టీ గ్లాసును కిటికీ అంచు మీద పెట్టి, భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ ఉండిపోయాడు. డఫేదారు మూడోసారి పేరు పిలిచాక గానీ కదలలేదు. బోనెక్కి ప్రమాణం చేసి, "నాకేమీ తెలియదు. నేనేమీ చూడలేదు. పోలీసులు నన్ను విచారించలేదు" అన్నాడు. ప్రతికూల సాక్షిగా, అంటే ముందు చెప్పినదానికి అడ్డం తిరిగిన సాక్షిగా, ప్రకటించడానికి అనుమతి తీసుకుని పబ్లిక్ ప్రాసిక్యూటర్ ఎన్ని ప్రశ్నలు వేసినా ఆ మూడు మాటలే తిప్పి చెప్పి దిగిపోయాడు.

తర్వాత నన్ను పిలిచారు. రాత్రి వేళ మీకు ముఖమెలా కనిపించిందని నిందితుల న్యాయవాది అడిగారు. మా దుకాణం లైటు, బస్టాండు దీపం వెలుగుతున్నాయని చెప్పాను. దీపాల సంగతి పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేదు కదా అన్నారు. నేను ఆ రాత్రే చెప్పాను, రాసుకున్నవారు రాయలేదు. ఆ కాగితాన్ని నాకు చదివి వినిపించనూ లేదు, దాని మీద నా సంతకమూ లేదు. సాక్షి చేత సంతకం చేయించకూడదన్నది చట్టం పెట్టిన నియమం. మృతుడితో నాకు స్నేహం ఉంది కాబట్టి కల్పించి చెబుతున్నానన్నారు. గంటకు పైగా అలా నిలబెట్టిన తర్వాత, "నేను అబద్ధపు సాక్ష్యం చెబుతున్నాననడం వాస్తవం కాదు" అన్న వాక్యం నా పేరున టైపు చేయించి పంపించారు.

పొడిచినవాడికి యావజ్జీవం పడింది. చేతులు పట్టుకున్నవాణ్ణి గుర్తించిన సాక్షి లేడు గనుక సందేహ లబ్ధి కింద విడుదల చేశారు. పెద్దాయన డబ్బు తీసుకున్నాడని ఊళ్లో అన్నారు. నేను ఆ వరండాలో ఆయన పక్కనే ఉన్నాను. ఆయన తీసుకున్నది డబ్బు కాదు, భయం. ఆయన్ను తిట్టినవాళ్లలో ఒక్కరు కూడా ఆ రోజు తోడుగా కోర్టుకు రాలేదు.

అవతలి న్యాయవాది సాక్షిని ఇలా ప్రశ్నించే క్రాస్ ఎగ్జామినేషన్ ఉండకూడదని నేను అనను. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్య కేసులో 2010లో యావజ్జీవం పడిన యువకుణ్ణి 2017లో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయల పరిహారం ఇవ్వమంది. ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాక వచ్చిన తీర్పు అది. అందుకే సాక్ష్యాన్ని గట్టిగా పరీక్షించాల్సిందే. నా అభ్యంతరమంతా సాక్షిని నిందితుడి మనుషుల మధ్య ఏళ్ల తరబడి నిలబెట్టడం మీదే. సాక్షులకు కూర్చునే చోటు, తాగే నీళ్లు కూడా ఉండటం లేదని 2000లోనే స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు బాధపడింది. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురు పోలీసు ఎన్‌కౌంటర్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ నలుగురినీ చంపాలనే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారని తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ విచారణ కమిషన్ తేల్చింది. ఆ పూలు చల్లిన చేతుల వెనుక, కోర్టుకెళ్తే తేలదనే నిరాశ ఉందని నాకనిపిస్తుంది. టీవీ చర్చల్లో మాత్రం ఉరి వేయాలా వద్దా అన్నదే సాగుతుంది, సాక్షుల ఊసే ఉండదు.

సాక్షుల రక్షణ పథకం ఒకటి ఉందని తీర్పు వచ్చాక ఒక న్యాయవాది చెబితేనే నాకు తెలిసింది. 2018 డిసెంబరులో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆమోదించి, దేశమంతటా చట్టంగా పాటించాలని ఆదేశించింది. నేర విచారణ ఎలా సాగాలో చెప్పే కొత్త చట్టం, భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 398వ సెక్షను ప్రకారం ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని తయారు చేయాలి. జిల్లా జడ్జి అధ్యక్షతన ఒక కమిటీ ఉంటుంది. దరఖాస్తు ఇస్తే ముప్పు ఎంతో డీఎస్పీ స్థాయి అధికారి ఐదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. అవసరమైతే నిందితుడు కనిపించకుండా సాక్ష్యం చెప్పే ఏర్పాటు, ఇంటికి కాపలా, రాకపోకలకు పోలీసు తోడు ఇవ్వవచ్చు. సమన్లు వచ్చినప్పుడు ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. మీకు గానీ, మీ ఇంట్లోవాళ్లకు గానీ ఇలాంటి సమన్లు వస్తే, వాయిదా తేదీ దాకా ఆగకుండా జిల్లా ప్రాసిక్యూషన్ కార్యాలయానికి వెళ్లి ఆ దరఖాస్తు ఇవ్వండి. కమిటీకి సభ్య కార్యదర్శి అక్కడి ముఖ్య అధికారే.