తగ్గింపు ధరకు క్రీమ్ కొనడానికి అప్పు చేయవచ్చా?

ప్రశ్న: ఇంట్లోనే కేకులు, డెజర్టులు చేసి అమ్ముతున్నాను. పది ఆర్డర్లలో ఆరు గిలక్కొట్టిన క్రీమ్‌తో చేసేవే. నాలుగు నెలల వాడకానికి సరిపడా క్రీమ్ ఒకేసారి తీసుకుంటే 15 శాతం తగ్గిస్తానని టోకు వ్యాపారి అన్నారు. కొద్దిగా అడ్వాన్సు ఇచ్చాను. మిగతాది క్రెడిట్ కార్డుతో కట్టి, నిల్వకు పెద్ద ఫ్రీజర్ వాయిదాల మీద కొనాలని ఉంది. కార్డు వడ్డీ నెలకు 3 శాతం. చేతిలో ఒక నెల ఇంటి ఖర్చుకు సరిపడా డబ్బుంది. ఇంతకంటే చౌకగా అప్పు ఎక్కడ దొరుకుతుంది?

జవాబు: దొరుకుతుంది. కానీ చెప్పను. తగ్గింపు కనబడగానే దాన్ని లాభం ఖాతాలో రాసేసుకునేవాళ్లు నాకు తరచూ తారసపడుతుంటారు. సరుకు మారుతుందంతే, పొరపాటు అదే.

ముందు క్రీమ్ సంగతి. ఫ్రీజర్‌లో ఏర్పడే మంచు పలుకులు కొవ్వు బిందువుల చుట్టూ ఉండే పల్చటి పొరను చీల్చేస్తాయి. కరిగాక సీసాలోకి చూడండి: పైన లేత పసుపు రవ్వ, అడుగున నీళ్లలాంటి పాలు. బాగా కుదిపితే చాలావరకు కలుస్తుంది. సూపులో, సాసులో, కేకు పిండిలో తేడా తెలియదు. గిలక్కొడితే మాత్రం మునుపటిలా పొంగదు, పొంగినా నిలవదు. (ఒకసారి కాఫీలో పోసుకున్నాను. పైన నూనె చుక్కలు తేలాయి.) కొవ్వు 35 శాతం దాటిన చిక్కటి క్రీమ్ కాస్త నయం, పల్చటిది మరీ విరిగిపోతుంది.

అంటే మీ పది ఆర్డర్లలో ఈ నిల్వ పనికొచ్చేది నాలుగింటికే. మిగతా ఆరింటికి తాజా క్రీమ్ ఎలాగూ కొంటారు. నాలుగు నెలల సరుకనుకున్నది పది నెలలకు గానీ ఖాళీ కాదు. నాణ్యత బాగుండేదేమో మూడు నాలుగు నెలలు. ఇక వడ్డీ. వంద విలువైన సరుకు మీకు 85కి వస్తుంది. వాడిన కొద్దీ నెలనెలా బాకీ తీర్చుకుంటూ వచ్చినా, పది నెలల్లో వడ్డీ దాదాపు 14 అవుతుంది. మిగిలేది ఒకటి. ఫ్రీజర్ వాయిదా, కరెంటు బిల్లు, పారబోసే క్రీమ్ ఇందులో కలపనేలేదు. కనీస మొత్తమే కడుతూ పోతే ఆ ఒక్కటీ ఉండదు. కార్డు మీద సరుకు నిల్వ చేయడం వ్యాపారం కాదండీ, జూదం.

నన్ను ఇంతకంటే కలవరపెట్టింది మీ ఉత్తరంలోని ఆ 'ఒక నెల ఖర్చు'. కరెంటు పోతే, తలుపు తెరవకుండా ఉంచిన నిండు ఫ్రీజర్ సుమారు 48 గంటలు చల్లగా ఉంటుంది, సగం నిండినదైతే 24 గంటలు. ఆ తర్వాత క్రీమ్ కరుగుతుంది, బాకీ కరగదు. మిక్సర్ మోటారు కాలినా, మీ మణికట్టు బెణికి రెండు వారాలు ఆర్డర్లు ఆగినా పరిస్థితి అంతే. ఇంటి ఖర్చుకు ఆరు నెలల అత్యవసర నిధి, దానికి వేరుగా వ్యాపారానికి రెండు నెలల ముడిసరుకు డబ్బు, రెండూ చేతికి అందేలా బ్యాంకులో ఉండాలి. అవి సమకూరేదాకా ఫ్రీజర్ మాట ఎత్తకండి. ఆర్డరు డబ్బు చేతికి రాగానే పదో వంతు ఆ నిధికి వెళ్లాలి, సరుకు కొనడం దాని తర్వాతే. చిన్న మొత్తమని వాయిదా వేయకండి, ఈ వారం ఆర్డర్లతోనే మొదలుపెట్టండి.

ఆరోగ్య బీమా లేకపోతే అదీ తీసుకోండి. వ్యాపారి వడ్డీ లేకుండా నెలనెలా కొంత సరుకు ఇస్తానంటే ఆలోచించవచ్చు.

ఈలోగా మిగిలిన క్రీమ్‌ను ఇప్పుడున్న ఫ్రిజ్‌లోనే దాచుకోవచ్చు. గడువు తేదీ దాటకముందే ఐసు ట్రేలో పోసి, గడ్డకట్టాక ముక్కలను సంచిలోకి మార్చి తేదీ రాయండి. సీసాలో పోస్తే పైన కొంత ఖాళీ వదలండి, గడ్డకట్టేటప్పుడు ఉబ్బుతుంది. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల్లో ఉండాలి. కరిగించడానికి రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించకండి. పైన అలంకరణకు కావాలంటే తాజా క్రీమ్‌నే చక్కెరతో గిలక్కొట్టి, పళ్లెంలో చిన్న కుప్పలుగా పెట్టి గడ్డకట్టించండి. అవి బాగానే నిలుస్తాయి.

వ్యాపారికి ఈరోజే ఫోను చేసి ఆర్డరు రద్దు చేయండి. అడ్వాన్సు తిరిగి రాదంటే, దాన్ని సరుకుగా మార్చి ఇమ్మని అడగండి. అదీ కుదరదంటే వదిలేయండి.