గది నిండా రైలు వేసేముందు ఇద్దరు నిలబడే చోటు చూసుకో

ప్రశ్న: మాది హనుమకొండ. అమెరికాలో కొలంబస్‌కు వచ్చి ఏడాది కాలేదు. అద్దె ఇంట్లో 11 బై 12 అడుగుల గది ఖాళీగా ఉంది. చలికాలంలో బుల్లి రైళ్లు నడిచే కాజీపేట జంక్షన్ మోడల్ కట్టాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్మీ, మా బాపు కాజీపేట డీజిల్ షెడ్డులో ఫిట్టర్. ఆ రైల్వే క్వార్టర్స్‌లోనే పెరిగాను కాబట్టి నీ కోరిక నాకు బాగా అర్థమవుతుంది. కానీ కాజీపేట ఆ గదిలో పట్టదు. మోడల్ రైళ్లలో హెచ్‌ఓ స్కేల్ అంటే 1:87, అసలు సైజులో 87వ వంతు. ఈ లెక్కన 24 ఎల్‌హెచ్‌బీ (ఇప్పటి కొత్త రకం పొడుగు) బోగీల బండి ఇంజిన్ లేకుండానే 21 అడుగులు దాటుతుంది. మూడు దిక్కుల లైన్లు, షెడ్లు, యార్డు అన్నీ కుక్కితే పట్టాలే మిగులుతాయి, ఊరు కనిపించదు. దానికి బదులు జమ్మికుంట స్టేషన్ కట్టుకో. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయినప్పటి నుంచి ఢిల్లీ–మద్రాసు బండ్లు పోయే దారి అది. పైగా సింగరేణి బొగ్గు రేకులు, అంటే బొగ్గు గూడ్సు బండ్లు కూడా అటే. రెండు మెయిన్ లైన్లు, బండిని పక్కకు ఆపే ఒక లూపు లైను, ప్లాట్‌ఫారం, ఒక లెవెల్ క్రాసింగ్, పక్కన పత్తి బస్తాలతో మార్కెట్ యార్డు. ఆరు బోగీల ఎక్స్‌ప్రెస్ ఇంజిన్‌తో కలిపి ఏడడుగుల్లో సరిపోతుంది, చూడ్డానికి నిండుగానే ఉంటుంది.

అసలు విషయం వేరే. కొత్తగా వచ్చినవాళ్లకు చలికాలం సంగతి తెలియదు. సాయంత్రం ఐదు దాటితే చీకటి, వీకెండ్ అంతా గడ్డకట్టిన రోడ్లు. అప్పుడు ఈ హాబీ మనిషిని ఆదుకోగలదు, గదిలో పెట్టి తలుపూ వేయగలదు. నాకు రెండోదే జరిగింది. మొదటి లేఅవుట్‌కు, అంటే బల్లల మీద పట్టాలు, స్టేషన్లు పేర్చిన మోడల్‌కు, గోడల చుట్టూ నాలుగడుగుల వెడల్పు బల్లలు వేశాను. మధ్యలో ఒక్క మనిషి నిలబడే చోటు మాత్రం మిగిలింది, అక్కడికి వెళ్లాలంటే బల్ల కిందనుంచి దూరాలి. ఆఫీసు నుంచి రావడం, కింద దూరడం, అర్ధరాత్రి దాకా పట్టాలు వేయడం. మూలలో బండి పట్టాలు తప్పితే చెయ్యి అందదు, మళ్లీ నడుము వంచాలి. అది కాదు బాధ. ఎవరైనా ఇంటికొస్తే గుమ్మంలో నిలబడి ‘బాగుందన్నా’ అని హాల్లోకి వెళ్లిపోయేవాళ్లు. లోపలికి పిలవడానికి చోటు లేదు. వసంతం వచ్చేసరికి ఊళ్లో నాకు తెలిసిన మనుషులు తగ్గారు, పట్టాలు పెరిగాయి. ఆ బల్లలన్నీ విప్పేసి మళ్లీ కట్టాను. ఈరోజు మా బేస్‌మెంట్‌లో శనివారం ఐదుగురు కలిసి బండ్లు నడుపుతున్నారంటే ఆ విప్పడం వల్లే.

అందుకే నీ గదిలో నాలుగు గోడలకూ రెండడుగుల వెడల్పు షెల్ఫ్ మాత్రమే వేయి. మధ్యలో ఏడు బై ఎనిమిది అడుగులు ఖాళీ ఉంటుంది, ముగ్గురు హాయిగా తిరుగుతారు. తలుపు దగ్గర ఎత్తి పక్కన పెట్టే ముక్క ఉంచు, ఎవర్నీ కిందనుంచి దూరమనకు. మూలల్లో మలుపు వ్యాసార్థం 30 అంగుళాలకు తగ్గించకు. ఎల్‌హెచ్‌బీ బోగీ మోడలే పదిన్నర అంగుళాలకు పైన ఉంటుంది, అంతకన్నా ఇరుకు మలుపులో బోగీల మూలలు బయటికి పొడుచుకొస్తాయి. మలుపులో అతుకు వస్తే రెండు ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకునే పట్టా) ముక్కల్నీ తిన్నగా ఉన్నప్పుడే సోల్డర్ చేసి, ఆ తర్వాత కలిపి వంచు. వంచాక అతికితే అక్కడ మొన తేలుతుంది, ప్రతి బండీ అక్కడే పట్టాలు తప్పుతుంది.

జమ్మికుంటకు ఎదురు గోడ మీద నాలుగు లైన్ల యార్డు పెట్టు. ఒక చివర కాజీపేట, రెండో చివర రామగుండం అనుకో. లోడు రేకు ఎప్పుడూ కాజీపేట వైపే, ఖాళీ రేకు ఎప్పుడూ రామగుండం వైపే తిప్పు. గుండ్రంగా తిరుగుతున్నా బొగ్గు మాత్రం సరైన దిక్కుకే పోతుంది.

రెండు పట్టాల మధ్య దూరం మన బ్రాడ్‌గేజ్‌లో 1676 మి.మీ., హెచ్‌ఓ పట్టాకు ఇక్కడి స్టాండర్డ్ గేజ్ (1435 మి.మీ.) లెక్కన 16.5 మి.మీ. మనది నిజానికి 19.3 దాకా ఉండాలి. కొందరు పట్టుదలతో ఆ కొలతకే పట్టాలు చేసుకుంటారు. నువ్వు ఆ జోలికి పోకు. ఆ బండి ఇంకెవరి లేఅవుట్ మీదా నడవదు, క్లబ్బుకు తీసుకుపోలేవు. డీసీసీ కంట్రోల్ (ఒక్కో ఇంజిన్‌ను విడిగా నడిపే డిజిటల్ పద్ధతి) కూడా అందరూ వాడే స్టాండర్డ్‌దే కొను.

గోడకు మేకు కొట్టొచ్చా అన్నది మీ లీజులో ఉంటుంది, చూసుకో. ఎలాగూ ఇల్లు మారతావు కాబట్టి నాలుగడుగుల ముక్కలుగా కట్టి బోల్టులు వేయి.

ఇక మనుషులు. ఇక్కడి క్లబ్బుల్లో రిటైరైన పెద్దవాళ్లు ఎక్కువ, ఓపిగ్గా నేర్పిస్తారు. నవంబర్‌ను ఇక్కడ మోడల్ రైల్‌రోడ్ నెలగా జరుపుకుంటారు, చాలామంది తమ లేఅవుట్లు చూడ్డానికి తలుపులు తెరుస్తారు. సిగ్గుపడకుండా వెళ్లు. మీ అపార్ట్‌మెంట్ పిల్లల్ని మొదటి నెలలోనే పిలువు, కొండలూ చెట్లూ అయ్యాక పిలుద్దాంలే అనుకుంటే ఆ రోజు రాదు. ప్లైవుడ్ మీద ఒట్టి పట్టాలున్నా చాలు. ఒకరు జమ్మికుంట స్టేషన్ మాస్టర్, ఒకరు సెక్షన్ కంట్రోలర్, ఇద్దరు డ్రైవర్లు. పక్క స్టేషన్‌ను ‘లైన్ క్లియర్’ అడగందే బండి కదలకూడదని రూల్ పెట్టు. ఆ అడగడం, ఇవ్వడం మొదలైతే గదిలో మాట ఆగదు.

షెల్ఫ్ ఎత్తు 42 అంగుళాలు చాలు. వచ్చే వేసవిలో మీ అమ్మానాన్నలు వస్తే, స్టూల్ మీద కూర్చుంటే అన్నీ కనిపించాలి. కారు నడపడం రాక, పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండి వాళ్లు పడే టెన్షన్ నేను చూశాను. మా బాపు వచ్చినప్పుడు మా లేఅవుట్‌లోని జమ్మికుంట ఆయనకే అప్పగించాను. పొద్దున్నే టీ తాగి డ్యూటీ ఎక్కేవారు, పక్కింటి అమెరికా పిల్లాడికి పాయింట్లు మార్చడం (బండిని ఇంకో లైనుకు మళ్లించడం) తెలుగులోనే నేర్పారు. నీ గది కొలతలు, తలుపు ఎటు తెరుచుకుంటుందో గీసి పంపు. ముందు నడిచే చోటు గీయి, పట్టాలు తర్వాత చూద్దాం.