ఆపరేటింగ్ పార్ట్‌నర్ పదవికి దగ్గర దారి ఏ కోర్సు?

ప్రశ్న: మా అబ్బాయికి 23 ఏళ్లు. మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశాడు. యంత్రాల విడిభాగాలు తయారుచేసే కంపెనీలో ప్రొడక్షన్ ప్లానింగ్ ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ఒకటో తేదీన చేరాలి. నాకు ఇష్టం లేదు. నేను 27 ఏళ్లుగా పరిశ్రమలో ఉన్నాను, ఇప్పుడు ఆపరేషన్స్ విభాగాధిపతిని. నాకంటే ఆరేళ్లు జూనియర్ అయిన సహోద్యోగిని ఈమధ్య ఒక ప్రైవేట్ ఈక్విటీ సంస్థ ఆపరేటింగ్ పార్ట్‌నర్‌గా పిలిచి మరీ తీసుకుంది. ఆ పదవికి ఎక్కడా ప్రకటన రాలేదు. మావాడైనా నాలా ఆలస్యం చేయకుండా ఇప్పటినుంచే ఆ దారిలో నడవాలంటే ఎంబీఏ, కన్సల్టింగ్, ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్‌లలో ఏది మేలు? — ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండు పేజీలుంది. పైన ఇచ్చింది దాని సారాంశమే. అందులో అబ్బాయి గురించి రాసినవి నాలుగే వాక్యాలు; మిగిలినదంతా మీ సహోద్యోగి గురించి, ఆయనకు వచ్చిన ఫోన్ గురించి, మీకు రాని ఫోన్ గురించి. ఎత్తిపొడవాలని ఈ మాట అనడం లేదు. పిల్లల కోర్సుతో మొదలై తల్లిదండ్రుల ఉద్యోగం దగ్గర తేలే ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి. కాబట్టి మీరు అడిగిన ప్రశ్నకంటే ముందు, అడగకుండా దాచుకున్న ప్రశ్నకు జవాబు చెబితేనే ఇద్దరికీ మేలని నా అభిప్రాయం. 27 ఏళ్లు పనిచేసిన మిమ్మల్ని ఎవరూ ఎందుకు పిలవలేదన్నదే ఆ ప్రశ్న.

ముందు ఆ పదవి సంగతి చూద్దాం. ప్రైవేట్ ఈక్విటీ సంస్థ మదుపుదారుల దగ్గర సేకరించిన నిధికి అప్పు కలిపి కంపెనీలను కొంటుంది. కొన్నేళ్లు తన చేతిలో ఉంచుకొని, విలువ పెంచి అమ్ముతుంది. ఈ నిధి (ఫండ్) ఆయుష్షు సాధారణంగా 10 ఏళ్లు కాబట్టి, కొన్నదాన్ని గడువులోగా బాగుచేసి అమ్మాలన్న ఒత్తిడి మొదటి రోజునుంచే ఉంటుంది. ఒకప్పుడు తక్కువకు కొని, ఎక్కువ అప్పు పెట్టి, ఎక్కువకు అమ్మితే సరిపోయేది. పోటీ పెరిగి కొనుగోలు ధరలు చుక్కలనంటాక, కంపెనీని లోపలినుంచి చక్కదిద్దక తప్పలేదు. ఒప్పందాలు కుదిర్చేవారందరికీ ఫ్యాక్టరీ నడపడం తెలియదు గనుక, నడిపి చూపించినవారిని వెంట ఉంచుకోవడం మొదలైంది; వారే ఆపరేటింగ్ పార్ట్‌నర్లు. 1978లో ఏర్పడిన క్లేటన్, డూబిలియర్ అండ్ రైస్ ఈ పద్ధతికి పేరుపడిన సంస్థ; మరో ప్రైవేట్ ఈక్విటీ సంస్థ కేకేఆర్ 2000లో క్యాప్‌స్టోన్ పేరుతో ఇందుకోసం ప్రత్యేక బృందాన్నే పెట్టుకుంది. అయితే హోదా పేరు చూసి పని ఏమిటో అంచనా వేయలేం. ఒకచోట ఆపరేటింగ్ పార్ట్‌నర్ అంటే పూర్తికాలం పనిచేస్తూ లాభాల్లో వాటా పొందే వ్యక్తి. మరోచోట నెలకు నాలుగు రోజులు సలహా చెప్పి నిర్ణీత రుసుము (రిటైనర్) తీసుకునే పెద్దమనిషి. ఇంకోచోట, కొనబోయే కంపెనీకి రేపు ఛైర్మన్‌గానో సీఈఓగానో వెళ్లడానికి సిద్ధంగా ఉంచుకున్న మనిషి. మీ సహోద్యోగి వీటిలో ఏ పనిమీద వెళ్లారో మీ ఉత్తరంలో లేదు. బహుశా మీకూ తెలియదు.

ఇక పిలుపు ఎలా వస్తుందన్నది. మీరు ఫోన్ మోగడాన్ని ఆరంభం అనుకుంటున్నారు. నిజానికి అది చివరి ఘట్టం. డేవిడ్ కాల్హౌన్ ఉదాహరణ చూడండి. జనరల్ ఎలక్ట్రిక్‌లో పాతికేళ్లకు పైగా పనిచేసిన ఆయన, కొన్ని ఫండ్‌లు కలిసి కొనుగోలు చేసిన నీల్సన్ సంస్థకు 2006లో అధిపతిగా వెళ్లారు. ఆ ఫండ్‌లలో బ్లాక్‌స్టోన్ ఒకటి. అదే బ్లాక్‌స్టోన్ 2014లో ఆయనను తాను కొన్న (పోర్ట్‌ఫోలియో) కంపెనీల నిర్వహణ విభాగానికి అధిపతిగా తీసుకుంది. యజమానుల్లో ఒకరిగా ఏళ్లతరబడి ఆయన పనితీరును దగ్గరనుంచి చూసిన సంస్థకు కొత్తగా ఇంటర్వ్యూలో తెలుసుకోవలసింది ఎంత ఉంటుంది? లూ గెర్స్ట్‌నర్ కథ కూడా ఇంచుమించు అలాంటిదే. కేకేఆర్ కొన్న ఆర్‌జేఆర్ నబిస్కోను 1989 నుంచి నడిపి, 1993లో ఐబీఎం పగ్గాలు పట్టి, 2003లో కార్లైల్ అనే ప్రైవేట్ ఈక్విటీ సంస్థకు ఛైర్మన్ అయ్యేనాటికి ఆయనకు అరవై ఏళ్లు. ఫండ్ చేతిలోని కంపెనీని ముందుగా నడపకుండానే వెళ్లినవారూ లేకపోలేదు. యూనిలీవర్‌లో మూడు దశాబ్దాలకు పైగా పనిచేసిన విండి బంగా 2010లో క్లేటన్, డూబిలియర్ అండ్ రైస్‌లో చేరారు. అక్కడ మాట్లాడినది వినియోగ వస్తువుల రంగంలో ఆయనకున్న పట్టు. వీరెవరూ 23వ ఏట ఈ పదవికి కోర్సు వెతుక్కున్నవారు కారు.

ఇవి పెద్ద పేర్లు. మామూలు స్థాయిలో పని మరింత నిశ్శబ్దంగా జరుగుతుంది. ఒక ఫండ్ పంపుల కంపెనీని కొనాలనుకుందనుకుందాం. కొనేముందు ఆ రంగంలో ఇరవై ఏళ్లు పనిచేసిన నలుగురైదుగురితో మాట్లాడుతుంది. వారిలో ముగ్గురు మర్యాదగా అన్నీ బాగున్నాయంటారు. ఒకరు మాత్రం, 'ఆర్డర్లు పుష్కలంగా ఉన్నాయి కానీ విడిభాగాల అమ్మకంలోనే లాభమంతా ఉంది, ఆ విభాగాన్ని పట్టించుకున్న నాథుడు లేడు' అని వేలుపెట్టి చూపిస్తారు. ఆయన పేరు ఒకచోట రాసిపెట్టుకుంటారు. రెండేళ్ల తర్వాత మోగేది ఆయన ఫోనే. (మీ ప్రస్తుత కంపెనీ రహస్యాలు ఇలాంటి సంభాషణల్లో బయటపెట్టకూడదని మీకు వేరే చెప్పనక్కర్లేదు, అలా నోరుజారినవారిని ఫండ్‌లు కూడా నమ్మవు.) మరికొందరు తామే ముందడుగు వేసి, ఫలానా రంగంలో ఫలానా తరహా చిన్న కంపెనీలను కలిపితే ఇంత విలువ వస్తుందన్న ఆలోచనతో ఫండ్ దగ్గరకు వెళతారు. ఆలోచన నచ్చితే వారిని ముందు నియమించి, ఆ తర్వాతే కంపెనీని వెతకడమూ ఉంది.

హెడ్‌హంటర్ల పాత్ర కూడా ఉంది. హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్, స్పెన్సర్ స్టువర్ట్, ఈగాన్ జెండర్ వంటి సంస్థలు ఫండ్‌ల తరఫున మనుషులను వెతుకుతాయి. వాటి రుసుము సాధారణంగా ఎంపికైన వ్యక్తి తొలి ఏడాది జీతంలో సుమారు మూడో వంతు, దాన్ని చెల్లించేది ఫండ్. కాబట్టి హెడ్‌హంటర్ మీ మనిషి కాడు. మీ రెజ్యూమె పంపినంతమాత్రాన మీకోసం ఎవరి తలుపూ తట్టడు. అతడు ముందుగా చేసేది మీ పాత పై అధికారికి, మీ కింద పనిచేసి బయటకు వెళ్లినవారికి, మీకు సరుకు అమ్మినవారికి ఫోన్ చేయడం. మీరు ఇచ్చిన పేర్లకే కాదు, ఇవ్వని పేర్లకు కూడా చేస్తాడు.

ఆ తర్వాత ఇంటర్వ్యూ. నేను సన్నద్ధం చేసిన ఒక సీనియర్ అధికారి మొదటి ప్రయత్నంలో ఎక్కడ తప్పారో చెబుతాను. రెజ్యూమె మూడు పేజీలు, మొదటి వాక్యంలోనే 'వ్యూహాత్మక నాయకత్వం'. ఫండ్ భాగస్వామి దాన్ని పక్కకు నెట్టి ఒకే ప్రశ్న అడిగారట: "మీరు ఆ ప్లాంట్ బాధ్యత తీసుకున్న రోజు గోదాములో ఎన్ని రోజుల సరుకు ఉంది?" ఈయన, 'మేము నిల్వలను గణనీయంగా తగ్గించాం' అన్నారు. "ఎన్ని రోజులనుంచి ఎన్ని రోజులకు?" అన్నది రెండో ప్రశ్న. "అందులో మీరు చేసినదేమిటి, ఎవరు అడ్డుపడ్డారు?" అన్నది మూడోది. సమావేశం అరగంటలో ముగిసింది. ఇంటికి వచ్చాక పాత డైరీలు తిరగేస్తే 92 రోజులనుంచి 61 రోజులకు తగ్గినట్లు తేలింది. నిల్వల్లో ఇరుక్కున్న నగదును విడిపించడమంటే ఫండ్‌కు ప్రాణం; అంత మంచి పని చేసిన మనిషి దాన్ని అంకెల్లో చెప్పలేకపోయారు. మళ్లీ రాయించినప్పుడు ఒక పేజీయే మిగిలింది: తాను బాధ్యత తీసుకున్ననాటి లాభం, వదిలిననాటి లాభం, విడిపించిన నగదు, మార్చిన మనుషులు. మరో ఏడాదికి వేరే సంస్థలో చేరారు, అదీ సలహాదారుగా. అయ్యా, మీ రెండు పేజీల ఉత్తరంలో హోదాలు ఆరు ఉన్నాయి, ఫలితం ఒక్కటీ లేదు. 27 ఏళ్ల మీ అనుభవం తక్కువదని నేను అనుకోవడం లేదు. అది బయటివారికి కనిపించే రూపంలో లేదు, అంతే. దాన్ని సరిచేసుకోవడానికి మీ వయసు అడ్డు కాదు. ఈ రంగంలో నెరిసిన జుట్టుకు ఇంకా గిరాకీ ఉంది.

అయినా ఆ పదవి మీద నాకు కొన్ని అనుమానాలున్నాయి, వాటిని దాచను. మొదటిది అధికారం. ఇప్పుడు మీ కింద వందలమంది ఉన్నారు. అక్కడ ఒక సహాయకుడు దొరికితే గొప్ప. కంపెనీ నడిపే సీఈఓ మీ మాట వినాలన్న నియమం లేదు, వినకపోతే పై సంస్థకు చాడీలు చెప్పే మనిషిగా మిమ్మల్ని చూసే ప్రమాదమూ ఉంది. ఆజ్ఞాపించడానికి అలవాటుపడినవారు ఏడాదిలోనే ఉక్కిరిబిక్కిరి కావడం చూశాను. రెండోది డబ్బు. అందరూ చెప్పుకునే క్యారీ అన్నది, మదుపుదారులకు వారి అసలూ, సాధారణంగా ఏటా 8 శాతం ప్రతిఫలమూ ముట్టాక, లాభంలో ఫండ్ తీసుకునే 20 శాతం వాటాలోనుంచి మీకు రాసిచ్చే చిన్న భాగం. చాలాచోట్ల మీ సొంత డబ్బు కూడా పెట్టమంటారు. కంపెనీ అమ్ముడుపోయేదాకా అది కాగితం మీది సంపదే. బ్లాక్‌స్టోన్ 2007లో హిల్టన్ హోటళ్ల సంస్థను కొంది. ఎంతో లాభం తెచ్చిన ఆ కొనుగోలులోనే షేర్లు మార్కెట్‌కు రావడానికి 2013 దాకా, పూర్తిగా బయటపడటానికి 2018 దాకా పట్టింది. 2022 మార్చినుంచి అమెరికాలో వడ్డీరేట్లు దాదాపు సున్నానుంచి ఏడాదిన్నర లోపే 5 శాతం దాటాక, అప్పు ఖరీదై, అమ్మకాలు నెమ్మదించి, ఎందరివో ఇలాంటి వాటాలు అలాగే నిలిచిపోయాయి. యాభై దాటి చేరినవారికి ఆ నిరీక్షణ చిన్న విషయం కాదు.

మూడోది, జీతం ఎవరిస్తారన్నది. సంస్థ తన సొంత ఫీజులోనుంచి ఇస్తుందా, లేక మీరు సలహా చెప్పే కంపెనీ ఖాతాలో రాస్తుందా? అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ అధికారి ఒకరు 2014లో సరిగ్గా ఈ విషయాన్నే బహిరంగంగా ఎత్తిచూపారు: సొంత సిబ్బందిలా చూపించే ఆపరేటింగ్ పార్ట్‌నర్ల జీతాన్ని కంపెనీల మీదా ఫండ్ మీదా మోపుతూ, ఆ సంగతి మదుపుదారులకు సరిగా తెలపడం లేదని. ఎవరి సొమ్ము తింటున్నారో తెలియని కుర్చీలో కూర్చుంటే, కంపెనీవారు మిమ్మల్ని ఖర్చుగా చూస్తారు, ఫండ్‌వారు అతిథిగా చూస్తారు. మీకు ఎప్పుడైనా పిలుపు వస్తే హోదా గురించి తర్వాత మాట్లాడండి. జీతం ఏ ఖాతానుంచి, క్యారీ ఏ ఫండ్‌లో, మధ్యలో మానేస్తే ఎంత దక్కుతుంది అన్నవి ముందు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇప్పుడు కొంచెం కటువుగా చెప్పక తప్పదు. ఇరవై ఏళ్ల పని చూసి ఇచ్చే పదవికి మీరు ఇరవైమూడేళ్ల కుర్రవాడి పేరు నమోదు చేయించాలనుకుంటున్నారు. పైగా అందుకోసం, ఆ పదవికి నిజంగా పనికొచ్చే ఒకే ఒక్క ఉద్యోగాన్ని వదిలేయమంటున్నారు. ప్రొడక్షన్ ప్లానింగ్ అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? సరుకు ఎందుకు నిలిచిపోతుందో, అమ్మకాల విభాగం ఇచ్చిన అంచనా ఎందుకు తప్పుతుందో, షిఫ్ట్ మధ్యలో యంత్రం ఆగితే ఎవరు ఎవరికి ఫోన్ చేస్తారో రోజూ కనిపించే చోటు అది. గోదాములో ఎన్ని రోజుల సరుకు ఉందని అడిగితే తడుముకోకుండా చెప్పగలిగే ఉద్యోగం. మీరే ఇలాంటి చోట మొదలుపెట్టి ఉంటారు. మీకు కలిగిన నిరాశకు ఆ మొదలును తప్పుపట్టడం, దాన్ని అబ్బాయి మీద రుద్దడం న్యాయం కాదు.

మీరు అడిగిన పోలిక కూడా చెబుతాను. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకింగ్ కంపెనీలు కొనే విభాగం వైపు తీసుకెళుతుంది, నడిపే వైపు కాదు. కన్సల్టింగ్‌కు కొంత దగ్గరితనం ఉంది. ఫండ్‌ల నిర్వహణ బృందాలు కన్సల్టింగ్ సంస్థలనుంచి యువకులను తీసుకుంటాయి. అయితే వారి పని తొలి వంద రోజుల ప్రణాళిక రాయడం, లెక్కలు కట్టడం, అమలును వెంటబడి చూడటం. అది మంచి ఉద్యోగమే కానీ, మీ సహోద్యోగిది మాత్రం కాదు. ఎంబీఏ గురించి ఇప్పుడు ఆలోచించవద్దు. నాలుగైదేళ్ల తర్వాత ఒక విభాగపు లాభనష్టాల బాధ్యత చేతికి వస్తున్నప్పుడు, అవసరమనిపిస్తే అబ్బాయే నిర్ణయించుకుంటాడు. అతడు వెనకబడలేదు. 23 ఏళ్లకు చేతిలో ఫ్యాక్టరీ ఉద్యోగం ఉన్నవాడు ఈ దారిలో చాలామందికంటే ముందున్నాడు, ఒకవేళ తర్వాత ఈ దారి అతడికి నచ్చకపోయినా ఆ అనుభవానికి వచ్చే నష్టం లేదు.

ఆఫర్‌కు అంగీకారం తెలపడానికి ఈ శుక్రవారమే గడువని ఉత్తరం చివర చిన్న అక్షరాలతో రాశారు. చేరుతున్నట్లు అబ్బాయిని రేపే జవాబు పంపనివ్వండి. మీరు మాత్రం పాత డైరీలు బయటకు తీసి, ఒకే పేజీలో, అంకెలతో మీ కథ రాసి నాకు పంపండి.