దమ్ములో స్టీరింగ్ తిప్పినా ట్రాక్టర్ నేరుగానే పోతోంది, ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: ముమ్మిడివరం దగ్గర నాలుగెకరాల చేను, నాన్నగారు కొన్న 24 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్, వెనక టైర్లకు హాఫ్ కేజ్ చక్రాలు (టైరు పక్కన బిగించే ఇనుప చక్రాలు), వెనక తిరిగే పళ్లతో మట్టిని కలిపే రోటవేటర్. దమ్ములో, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి చేను బురదగా దున్నేటప్పుడు, గట్టు దగ్గర తిప్పితే ముందు చక్రాలు అడ్డంగా తిరిగినా బండి మాత్రం నేరుగా పోయి గట్టుకు తగులుతోంది. మంచు పడే దేశాల్లో చిన్న ట్రాక్టర్ల టైర్లకు గొలుసులు చుట్టే వీడియో చూశారు. మనం కూడా ముందు టైర్లకు చుట్టొచ్చా అని అడిగారు.

చుట్టకండి. అక్కడ మంచు కింద నేల గడ్డకట్టి రాయిలా ఉంటుంది. గొలుసు పైనున్న జారుడు పొరను కొరుకుతుంది, అందుకే పట్టు వస్తుంది. మన చేలో పైన అలా కొరికేంత గట్టి పొర లేదు, మెత్తటి బురదే. గొలుసు సందుల్లో నల్లమట్టి ఇరుక్కుని కాసేపటికే టైరు నున్నటి మట్టి ముద్ద అయిపోతుంది. ఉన్న పట్టు కూడా పోతుంది.

మాది ఆచంట దగ్గర. పదిహేడేళ్లుగా చిన్న ట్రాక్టరుతోనే సార్వాకు (వానాకాలం వరి), దాళ్వాకు (రెండో పంట వరి) దమ్ము చేస్తున్నాను. మీరు చెప్పిన ఇబ్బంది నేను మొదటి రెండేళ్లు పడ్డాను కాబట్టి వివరంగా రాస్తున్నాను.

చేలో పైన జానెడు బురద ఉంటుంది. దాని కింద ఏళ్ల తరబడి తొక్కీ దున్నీ గట్టిపడిన పొర ఉంటుంది. టూ వీల్ డ్రైవ్ బండికి ముందు టైరు సన్నగా ఉండటానికి, దాని చుట్టూ రిబ్బులు (గట్ల లాంటి రబ్బరు చారలు) లేచి ఉండటానికి కారణం అదే. ఆ టైరు బురదను చీల్చుకుని కిందకి దిగి గట్టి పొరను తాకాలి. అప్పుడు రిబ్బు అంచు పక్కకు జారకుండా ఆపుతుంది, బండి తిరుగుతుంది. రిబ్బులు అరిగిపోయినా, వాటి మధ్య మట్టి నిండిపోయినా, ముందు భాగం తేలికైపోయినా టైరు బురదలో ఈదుతుంది. కాబట్టి ముందు చేత్తో తడిమి చూడండి. రిబ్బు అంచు గుండ్రంగా అయిపోయి ఉంటే మిగతావన్నీ ఎంత సరిచేసినా పెద్దగా ఫలితం ఉండదు, టైర్లు మార్చాల్సిందే.

మట్టి నిండిపోవడం మన డెల్టా నేలకు ప్రత్యేకంగా ఉన్న బాధ. మొగల్తూరు వైపు ఇసుక కలిసిన నేలల్లో ఇంత ఉండదు. కాలవ నీళ్లు వదిలారని తొందరపడి, చేను సగం నానగానే దిగితే నల్లమట్టి బంకలా టైరును పట్టుకుంటుంది. నేను కనీసం రెండు రోజులు నాననిచ్చి, రెండంగుళాల నీరు నిలబెట్టి దిగుతాను. ఆ నీరే టైరును కడుగుతూ ఉంటుంది. మోకాలి లోతు నీరు పెట్టినా తప్పే, చక్రం ఎక్కడుందో, కింద గుంట ఎక్కడుందో కనిపించదు.

ఇక అసలు సంగతి, మలుపు. బండి తిరగకపోతే మనం స్టీరింగ్‌ను ఇంకా తిప్పుతాం. అక్కడే చెడిపోతుంది. చక్రాలు పూర్తిగా అడ్డం తిరిగితే అవి దొర్లవు, బల్ల తోలినట్టు బురదను ముందుకు నెడతాయి. దానికి తోడు రోటవేటర్ పళ్లు తిరిగే తీరు బండిని వెనక నుంచి ముందుకు తోస్తుంది. అందుకే గట్టుకు రెండు బారల ముందే యాక్సిలరేటర్ తగ్గించండి. స్టీరింగ్‌ను సగం వరకే తిప్పి, లోపలి వైపు బ్రేకును కొద్దికొద్దిగా తొక్కండి. ఎడమకు తిరగాలంటే ఎడమ బ్రేకు. రెండు బ్రేకు పెడల్స్‌ను కలిపే కొక్కెం చేలో తీసి ఉండాలి. రోడ్డెక్కే ముందు అది మళ్లీ పెట్టారో లేదో చూసుకోకుండా కదలకండి. వేగంలో ఒక్క పక్క బ్రేకు పడితే బండి బోల్తా పడుతుంది. కేజ్ చక్రాలతో అయితే తారు రోడ్డు ఎక్కనే కూడదు.

డిఫరెన్షియల్ లాక్ (వెనక చక్రాలు రెండింటినీ కలిపి బిగించేది) కూడా ఒకసారి చూడండి. అది పడి ఉంటే వెనక చక్రాలు రెండూ ఒకే వేగంతో తోస్తాయి, ముందు చక్రాలు ఎటు చూసినా బండి నేరుగానే పోతుంది. మా బండికి ఒక సీజన్‌లో పెడల్ కింద మట్టి గట్టిపడి లాక్ ఊడలేదు. నేను మాత్రం టైర్లను అనుమానిస్తూ కూర్చున్నాను. మీరు చెప్పిన లక్షణం అచ్చం అలాగే ఉంది.

మలుపులో రోటవేటర్‌ను పూర్తిగా పైకి ఎత్తే అలవాటు చాలామందికి ఉంది. ఆ బరువంతా వెనక వేలాడితే ముందు భాగం తేలిపోతుంది. పళ్లు బురదలోంచి బయటపడేంత ఎత్తితే చాలు, రోటవేటర్‌ను తిప్పే షాఫ్ట్ జాయింట్‌కూ అదే మంచిది. ముందు బంపర్‌కు బరువు దిమ్మలు బిగించొచ్చు. నేను మొదట నాలుగు బిగిస్తే ముందు చక్రాలే దిగబడ్డాయి, రెండు తీసేశాక సరిపోయింది. మీ బండికి ఎన్ని సరిపోతాయో ఒక్కొక్కటే వేసి చూడండి. వేసవిలో దుక్కి కోసం వెనక టైర్లలో నీళ్లు నింపి ఉంటే దమ్ముకు ముందు తీసేయండి. బురదలో ఆ బరువు బండిని ముంచుతుంది.

ముందు టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు వస్తుందని కొందరు చెబుతారు. వద్దు. సన్నగా చీల్చాల్సిన టైరు వెడల్పై తేలుతుంది, రిమ్ము మీద కదులుతుంది కూడా. పుస్తకంలో చెప్పినంత ఉంచండి. స్టీరింగ్ రాడ్ల చివర బాల్ జాయింట్లు వదులైతే ఇవన్నీ చేసినా ఉపయోగం లేదు. దమ్ము రోజుల్లో ముందు హబ్బులకు, చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నులకు రోజూ గ్రీజు కొట్టండి.

మీకు ఫోర్ వీల్ డ్రైవ్‌కు మారే ఆలోచన ఉంటే ఒక్క మాట. దానికి ముందు, వెనక టైర్ల కొలత లెక్క ప్రకారం ఉంటుంది. ఒక జత మాత్రమే వేరే సైజు వేసినా, టైర్లు తీసేసి వేరే ఎత్తున్న ఫుల్ కేజ్ చక్రాలు వేసినా ముందు గేర్లు దెబ్బతింటాయి.

ఇప్పుడు చెప్పేది మాత్రం నాన్నగారికి కూడా చదివి వినిపించండి. ఒక దాళ్వాలో, చేపల చెరువు పూడ్చి మళ్లీ చేనుగా మార్చిన మడిలో దమ్ముకు దిగాను. అలాంటి చోట కింద గట్టి పొర ఉండదని అప్పటికి నాకు తట్టలేదు. వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. ఫస్ట్ గేర్ వేసి యాక్సిలరేటర్ లాగాను. చక్రాలు కదలలేదు, ఇంజన్ బలం మొత్తం బండిని ఇరుసు చుట్టూ పైకి తిప్పింది. ముందు చక్రాలు నా ఛాతీ ఎత్తుకు లేచాయి. కాలు క్లచ్ మీదే ఉండబట్టి తొక్కగలిగాను, బండి కింద పడింది. ఇంకొక్క క్షణం ఆగితే ఆ బండి నా మీదకు తిరగబడేది. ఆలోచించడానికి వ్యవధి ఉండదండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పటికీ మా అబ్బాయి దమ్ముకు వెళితే గట్టు మీద నిలబడి చూస్తుంటాను.

కాబట్టి దిగబడితే ముందుకు లాగించవద్దు. చక్రాలు బయటికి వస్తాయని వాటికి దుంగలు కట్టడం అసలు చేయవద్దు, ముందు భాగం లేవడానికి అదే దగ్గరి దారి. ఆ రోజు మేము రోటవేటర్ విప్పేసి, చక్రాల వెనక బురద తవ్వి, కొబ్బరి మట్టలు పరిచి రివర్స్‌లో తీయబోయాం. రాలేదు. చివరికి గట్టు మీద నుంచి ఇంకో ట్రాక్టర్‌తో వెనక్కి లాగించాం. మోకు ఎప్పుడూ వెనక కిందున్న డ్రాబార్‌కే (లాగుడు కడ్డీకే) కట్టాలి. పైన, పనిముట్టును పట్టుకునే టాప్ లింక్ దగ్గర కడితే లాగే బండే తిరగబడుతుంది. మోకు దగ్గర ఎవరినీ నిలబడనివ్వకండి.

ముందుగా ఆ డిఫరెన్షియల్ లాక్ పెడల్ కింద కడిగి, రోటవేటర్ తక్కువ ఎత్తి ఒక మలుపు తిప్పి చూడండి. అప్పటికీ నేరుగానే పోతుంటే ముందు టైర్ల ఫొటో దగ్గరగా తీసి ఇక్కడ పెట్టండి. ఆ మడి ఎప్పుడైనా చెరువుగా ఉండేదేమో నాన్నగారిని అడిగి రాయండి, చూసి చెబుతాను.