లినక్స్ ఉచితమే, మరి అందరూ విండోస్‌నే ఎందుకు అడుగుతారు?

ప్రశ్న: పరకాలలో జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. నా పాత కంప్యూటర్లకు విండోస్ 11 ఎక్కదన్నారు. హనుమకొండలో ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు రెండింటిలోనూ విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేశాడు. పైసా ఖర్చు లేదు, స్పీడుగానే ఉంది. కానీ షాపులో పనిచేసే అమ్మాయి "నాకు విండోసే కావాలక్కా" అని పట్టుబడుతోంది. అంత మంచిదైతే మనవాళ్లకు ఎందుకు నచ్చదు?
- ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ఆ అమ్మాయిని ఏమీ అనకండమ్మా. పని ఆగిపోతుందని ఆమె భయం. అది న్యాయమైన భయమే.

హనుమకొండలో ఏళ్లుగా కంప్యూటర్ నేర్పుతున్నాను. డీటీపీకి వచ్చే పిల్లలు ముందు నేర్చుకునేది పేజీలు తయారు చేసే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల కోసం అను ఫాంట్లు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. అయినా పెళ్లి కార్డులు, కరపత్రాలు ఇప్పటికీ చాలా షాపుల్లో అందులోనే తయారవుతున్నాయి. పాత అను ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే పద్ధతి) కావు. ఇంగ్లిష్ అక్షరాలుండే చోట తెలుగు ముక్కలు పెట్టి తయారు చేసినవి. వాటితో టైపు చేయించే అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ కోసం రాసింది. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే పెళ్లికొడుకు పేరు కూడా పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. ముహూర్తాల రోజుల్లో, కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటే అదెంత టెన్షనో మీకు తెలుసు.

అలవాటు బలం మైక్రోసాఫ్ట్‌కూ తెలిసొచ్చింది. 1995 నుంచి జనం ఎడమ మూల స్టార్ట్ బటన్‌కు అలవాటు పడ్డారు. 2012లో విండోస్ 8లో దాన్ని తీసేస్తే గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది 8.1లో తిరిగి పెట్టక తప్పలేదు.

ఇంకొకటి, సిస్టమ్ మొరాయిస్తే పక్క షాపతను వచ్చి విండోస్ సరిచేస్తాడు. లినక్స్‌కైతే పరీక్షలున్నా మీ అక్క కొడుకునే పిలవాలి.

అలాగని జనానికి లినక్స్ పడదని నేను ఒప్పుకోను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ లినక్స్ కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయలాంటి భాగం) మీదే ఆండ్రాయిడ్ నడుస్తుంది. ఆ అమ్మాయి ఫోన్ ఆండ్రాయిడ్ అయితే, రోజూ ఫోన్‌పే చేసేది దాని మీదే. ఫోన్ కొన్నప్పుడే అన్నీ సిద్ధంగా వచ్చాయి, ఎవరూ ఎక్కించి ఇవ్వలేదు. కంపెనీ లినక్స్ వేసి, ప్రింటర్‌తో సహా సరిచూసి అమ్మిన కంప్యూటర్ మన ఊళ్లలో ఎంతమందికి దొరికింది చెప్పండి?

మీరు ఒక సిస్టమ్‌లో విండోస్, అను తిరిగి వేయించి ఆమెకు ఇవ్వండి. విండోస్ 10 అయితే దానికి ఇంటర్నెట్ తీసేయండి. 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ (భద్రతా అప్‌డేట్లు) ముగిసింది. పెన్‌డ్రైవ్ పెట్టిన ప్రతిసారీ స్కాన్ చేయమనండి. హాల్‌టికెట్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు మింట్‌లో హాయిగా చేసుకోవచ్చు. అయితే మీ ప్రింటర్ మోడల్‌కు లినక్స్ డ్రైవర్ (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో ముందు చూడమనండి. వర్డ్ బదులు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ లిబ్రే ఆఫీస్‌లో ఫైళ్లు వర్డ్ ఫార్మాట్‌లోనే సేవ్ అయ్యేలా సెట్ చేసి వెళ్లమని మీ అక్క కొడుక్కి చెప్పండి.