టెక్ సందేహాలు: లెన్స్ మీద 58 అంటే 1958 కాదు

ప్రశ్న: మా నాన్నగారు విశాఖ ఉక్కు కర్మాగారం కడుతున్న రోజుల్లో అక్కడ పనిచేశారు. సొంతదేశం వెళ్లిపోతూ ఒక సోవియట్ ఇంజినీరు ఇచ్చిన జెనిట్-ఈ కెమెరా మా బీరువాలో ఉంది. లెన్స్ ముందు రింగ్ మీద హీలియోస్-44-2 అని, 2/58 అని, 81తో మొదలయ్యే ఒక నంబరు ఉన్నాయి. రిపేర్ చేసే ఆయన ‘ఇది 1958 మోడల్, చాలా రేర్’ అన్నారు. నిజమేనా? నా సోనీ మిర్రర్‌లెస్ కెమెరాకు పడుతుందా?

జవాబు: ఆయన చదివింది తారీఖు కాదండీ, లెన్స్ కొలత. 2/58లో 2 అంటే ఎఫ్/2 అపెర్చర్ (కాంతి లోపలికి వెళ్లే రంధ్రం ఎంత పెద్దగా తెరుచుకుంటుందో చెప్పే విలువ), 58 అంటే ఫోకల్ లెంగ్త్ (దృశ్యం ఎంత దగ్గరగా కనిపిస్తుందో నిర్ణయించే కొలత) మిల్లీమీటర్లలో. మీ లెన్స్ వయసు సీరియల్ నంబరులో ఉంది. సోవియట్ లెన్సుల్లో చాలావాటికి మొదటి రెండు అంకెలే తయారైన సంవత్సరం. 81 అంటే 1981. మీ నాన్నగారి కథకూ అది సరిగ్గా సరిపోతోంది. అయితే ప్రతి నంబరూ ఇలా చదవడానికి లొంగదు. సున్నాతో మొదలయ్యే పాత నంబర్లలో సంవత్సరం ఉండదు. మొదటి రెండంకెలు 50కీ 91కీ మధ్య లేకపోతే ఆ లెక్క వదిలేయండి.

తర్వాత ఫ్యాక్టరీ గుర్తు చూడండి. హీలియోస్-44 కుటుంబం ఒక్కచోట పుట్టలేదు. మాస్కో పక్కనున్న క్రాస్నొగొర్స్క్‌లో, బెలారుస్‌లోని మిన్స్క్‌లో, వాల్డాయ్‌లోని జూపిటర్ ఫ్యాక్టరీలో తయారైంది. క్రాస్నొగొర్స్క్ గుర్తు తేలిక: ట్రెపీజియం ఆకారంలో ఒక పట్టకం, దానిలోంచి దూసుకెళ్లే కాంతికిరణం. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటే సాధారణంగా అది ఎగుమతికి చేసింది. రష్యన్‌లో రాస్తే మొదటి అక్షరం తలకిందులైన ఎల్‌లా కనిపిస్తుంది. ఇంకా పాత లెన్సుల మీద గుమ్మం ఆకారంలో ఎర్రటి అక్షరం ఒకటి ఉంటుంది. అది రష్యన్ ‘ప’. గాజుకు కోటింగ్ వేశామని చెప్పడానికి చెక్కేవారు.

అసలు చిక్కు ఇక్కడే. పేరు, నంబరు, గుర్తు అన్నీ ఉండేది ముందున్న రింగ్ మీదే. ఆ రింగేమో మర తిప్పితే ఊడొస్తుంది. నేనొకసారి ‘ఎంసీ’, అంటే మల్టీకోటింగ్, అని చూసి ఎక్కువ డబ్బు పోసి కొన్నాను. ఇంటికొచ్చాక చూస్తే రింగ్ ఒకదానిది, ఒళ్లు ఇంకొకదానిది! అప్పట్నుంచి రింగ్ చదవడం చివరికి పెట్టుకున్నాను. ముందు ఒంటిని చూస్తాను. 44-2 అయితే అపెర్చర్ బ్లేడ్లు (ఆ రంధ్రాన్ని చిన్నది చేసే సన్నటి రేకులు) 8 ఉండాలి, అపెర్చర్‌కు రెండు రింగులు ఉండాలి (ఒకటి విలువ పెట్టడానికి, ఇంకొకటి తెరిచి మూయడానికి), ఫిల్టర్ మర 49 మి.మీ., వెనక ఎలాంటి పిన్ ఉండదు. 44ఎం-4 అయితే బ్లేడ్లు 6, ఫిల్టర్ మర 52 మి.మీ., వెనక అపెర్చర్‌ను మూయించే చిన్న పిన్ పొడుచుకొచ్చి ఉంటుంది. బ్లేడ్లు లెక్కపెట్టకుండా అమ్మేవాడి మాట నమ్మకండి.

44ఎం-4 నుంచి 44ఎం-7 దాకా కనిపించే అంకెలు కొత్త డిజైన్లు కావు, షార్ప్‌నెస్ గ్రేడ్లు. ఫొటో మధ్యభాగంలో ఒక మిల్లీమీటరులో విడివిడిగా కనబడే గీతలు: 44ఎం-4కు 38, 44ఎం-7కు 50. లోపలి పటం, అంటే గాజుల అమరిక, అన్నిట్లో ఒకటే: జర్మనీలోని యేనాలో కార్ల్ జైస్ చేసిన బయోటార్ నుంచి తీసుకున్న ఆరు గాజులు, నాలుగు గ్రూపులు. బ్యాక్‌గ్రౌండ్‌లో ఆకులు సుడి తిరిగినట్టు కనబడటం ఆ పటం ఇచ్చిన వరం. దానికోసం రేర్ మోడల్ వెతకక్కర్లేదు. మీ దగ్గరున్నది చాలు.

ఇక సోనీకి: ఎం42 (మీ లెన్స్ వెనకున్న 42 మి.మీ. మర) నుంచి సోనీ ఈ-మౌంట్ (సోనీ కెమెరాలో లెన్స్ బిగించే చోటు) అడాప్టర్ కొనండి. మెనూలో ‘లెన్స్ లేకుండా షటర్ పనిచేయాలి’ అన్న ఆప్షన్ ఆన్ చేయండి, లేకపోతే కెమెరా మొండికేస్తుంది. రేపు ఎవరైనా మీకు 44ఎం-4 ఇస్తే మాత్రం, పిన్‌ను నొక్కి ఉంచే అంచు ఉన్న అడాప్టర్ తీసుకోవాలి. అది లేకపోతే రింగ్ ఎంత తిప్పినా అపెర్చర్ తెరిచే ఉంటుంది. కెనాన్ ఈఎఫ్ కెమెరాలకూ మామూలు రింగ్ సరిపోతుంది. నికాన్ ఎఫ్ కెమెరాల్లో సెన్సర్‌కూ మౌంట్‌కూ మధ్య దూరం ఎక్కువ కాబట్టి, గాజు లేని రింగ్‌తో దూరపు వస్తువులు ఫోకస్ కావు.

ప్రశ్న: హైదరాబాద్‌లో వెండిరంగు హీలియోస్-44 కొన్నాను, ఎం39 మర. ఎం39 అడాప్టర్ పెడితే దగ్గర, దూరం ఏదీ ఫోకస్ కావడం లేదు. లెన్స్ పాడయిందా?

జవాబు: టెన్షన్ పడకండి, పాడైంది లెన్స్ కాదు, లెక్క. ఎం39 అన్న పేరుతో రెండు వేర్వేరు మౌంట్లున్నాయి. ఫెడ్, జోర్కీ అనే సోవియట్ కెమెరాల మౌంట్‌లో ఫిల్ముకూ లెన్సుకూ దూరం 28.8 మి.మీ. జెనిట్ ఎం39లో 45.2 మి.మీ. మీ లెన్స్ జెనిట్‌ది, అడాప్టర్ ఫెడ్ రకానిది. లెన్స్ సెన్సర్‌కు 16 మి.మీ. పైగా దగ్గరికి జరిగిపోయింది. ఎం39-ఎం42 సన్నటి రింగ్ ఒకటి కొని, పైన చెప్పిన ఎం42 అడాప్టర్‌లో బిగించండి. ఎం42 దూరం 45.46 మి.మీ. కాబట్టి పావు మిల్లీమీటరు తేడా ఉంటుంది. లెక్క ప్రకారం సుమారు 13 మీటర్ల అవతల ఫోకస్ అందకూడదు. కానీ అడాప్టర్లను చాలామంది కాస్త పొట్టిగానే చేస్తారు కనుక, మీది గోల్కొండ కోట బురుజుల దాకా అందినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: 44-2 బ్లేడ్ల మీద నూనె మెరుస్తోంది. విప్పించాలా?

జవాబు: ఫొటోల్లో తేడా లేకపోతే వద్దు. ఇందులో బ్లేడ్లను మీ చెయ్యే కదుపుతుంది, స్ప్రింగ్ కాదు. 44ఎం-4లో నూనె కనబడితే మాత్రం శుభ్రం చేయించండి, బ్లేడ్లు అంటుకుని ఆలస్యంగా మూసుకుంటాయి.