రానివాళ్ల ఇంటికి వెళ్లు

విజయనగరం

చిరంజీవి అమ్మలూకి,

అత్త ఆశీస్సులు. పలాస జీడిపప్పు కార్ఖానాల్లో పనిచేసే ఆడవాళ్లకు ఎనిమిది వారాలు పిలాటిస్ అనే, పొట్ట, నడుం కండరాలను గట్టిపరిచే వ్యాయామాలు నేర్పుతావట. ఎంతమంది వదలకుండా చేస్తారో, ఒంటికి ఎంత మేలవుతుందో చూడడమే నీ పీజీ పరిశోధన అని నిన్న రాత్రి మీ నాన్న ఫోనులో చెప్పాడు. మన ఇంట్లో నా తరువాత ఫిజియోథెరపీ చదివింది నువ్వే. సంతోషంతో చాలాసేపు నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున మాత్రం భయం పట్టుకుంది. ఆ భయంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

గైడు సంతకం, ఎథిక్స్ కమిటీ అనుమతి, మొదటి మనిషిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు, చదివి వినిపించడానికి తెలుగులో సమ్మతి పత్రం. ఇవి నీకు తెలిసినవే.

రిఫార్మర్ యంత్రం, అదే స్ప్రింగులు కట్టిన జారే బల్ల, కావాలని అడిగావట. వద్దు తల్లీ, చాప చాలు. ఈ పద్ధతిని రూపొందించిన, జర్మనీలో 1883లో పుట్టిన జోసెఫ్ పిలాటిస్ చిన్నప్పుడు ఉబ్బసంతో, ఎముకలు మెత్తబడే రికెట్స్‌తో బాధపడిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండులో నిర్బంధంలో ఉండగా తోటివాళ్ల చేత నేల మీదే వ్యాయామం చేయించాడని చెబుతారు. ఇంచుమించు పిలాటిస్ పుట్టిన కాలంలోనే మన వీరఘట్టంలో కోడి రామ్మూర్తినాయుడు గారు పుట్టారు. ఆయన గొలుసులు తెంచిన కథలు చెబుతూ మీ తాతయ్య పెరట్లో మీ నాన్న చేత దండీలు, బస్కీలు తీయించేవారు. నన్ను వరండాలో కూర్చోబెట్టి లెక్కపెట్టమనేవారు. ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి. లెక్కలో నేను గట్టిదాన్నని అప్పటినుంచీ నాకు నమ్మకం.

ఆ నమ్మకమే నన్ను ముంచింది. ముప్పై ఏళ్ల కిందట నేను పనిచేసిన ఆసుపత్రిలో నడుంనొప్పి ఉన్న ఆడవాళ్లకు ఆరు వారాల వ్యాయామ తరగతి పెట్టాను. 24 మంది చేరారు. అప్పట్లో అందరికీ విలియమ్స్ వ్యాయామాలే చెప్పేవాళ్లం: మోకాళ్లు ఛాతీకి లాక్కోవడం, పడుకుని తల, భుజాలు ముందుకు లేపడం. చివరికి 11 మంది మిగిలారు. ఆ 11 మందికీ నొప్పి తగ్గింది. ఎంత బాగా తగ్గిందో ఎంత అందంగా రాశాననుకున్నావు! మిగిలిన 13 పేర్ల పక్కన రిజిస్టరులో ‘ఆసక్తి లేదు’ అని ఒకే మాట వరుసగా రాసుకుంటూ పోయాను.

ఏడాదిన్నర తరువాత పైడితల్లమ్మ సిరిమాను రోజున, జనంలో, ఆ 13 మందిలో ఒకామె కనిపించింది. ఊడుపులకు వెళ్లే మనిషి, యాభై దాటిన వయసు. కూతురి భుజం పట్టుకుని, ముందుకు వంగిపోయి నడుస్తోంది. నన్ను చూసి తనే నమస్కారం పెట్టింది. “మీరు చెప్పినట్టే చేశానమ్మా. మూడో వారంలో ఒక రోజు పొద్దున లేవలేకపోయాను. చెబితే సరిగా చేయలేదని తిడతారేమోనని రాలేదు” అంది. పండుగ అయ్యాక పిలిపించి ఎక్స్‌రే తీయిస్తే, నడుం పైన వెన్నుపూస ఒకటి నలిగిపోయి ఉంది. ఎముకలు గుల్లబారిన మనిషి. నా వ్యాయామమే దాన్ని నలిపిందని రుజువు చేయలేను. నలపలేదని చెప్పే ధైర్యమూ లేదు. ఆమెకు ఆసక్తి లేదని రాసిన చెయ్యి మాత్రం నాదే.

అప్పుడు వెతికి చదివాను. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్లు 1984లోనే రాశారు. ఎముకలు గుల్లబారిన 59 మంది ఆడవాళ్లలో, ముందుకు వంగే వ్యాయామాలే చేసినవారిలో 89 శాతం మందికి వెన్నుపూసలు కొత్తగా నలిగాయి. నడుమును వెనక్కి చాపే వ్యాయామాలు చేసినవారిలో 16 శాతం మందికే. గుంపులు చిన్నవే, నిజమే. అయినా నేను ముందే చదివి ఉండవలసింది.

అందుకే చెబుతున్నాను. నీ చాప వ్యాయామాల్లో వెన్ను ముందుకు చుట్టేవి, బంతిలా దొర్లేవి చాలా ఉంటాయి. ముట్లు ఆగినవాళ్లను, చిన్నగా పడినా ఎముక విరిగినవాళ్లను ముందే అడిగి తెలుసుకో. అనుమానం ఉంటే అవి చేయించకు. ఈ విషయంలో నీ గైడు సరేనన్నా నేను ఒప్పుకోను.

చేరిన ప్రతి మనిషినీ చివరి లెక్క దాకా ఉంచు. రెండు రోజులు రాకపోతే మూడో రోజు ఇంటికి వెళ్లు. ఎందుకు రాలేదని నిలదీయకు, మంచినీళ్లు అడిగి కూర్చో. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి నీ గంటసేపు తరగతి అంటే గంట కూలి పోవడం. ఆ మాట నీతో చెప్పడానికి మొహమాటపడుతుంది. చీరతో వెల్లకిలా పడుకుని కాళ్లెత్తమంటే ఇంకా మొహమాటం. మూయడానికి తలుపున్న గది చూసుకో.

ఎనిమిది వారాలంటే 56 రోజులు. లండన్‌లో చేసి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజూ చేసే చిన్న పని అలవాటుగా స్థిరపడడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలు, కొందరికి 254 అవసరమని అంచనా కట్టారు. మీరు వారానికి మూడు రోజులే చేయిస్తారు కదా, తరగతి ముగిసిన మూడు నెలలకు మళ్లీ వెళ్లి చూడకపోతే ఎవరికి నిలిచిందో నీకెలా తెలుస్తుంది? ఫలితం కూడా ముందే ఊహించుకోకు. వైద్య ప్రయోగాలను కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ నడుంనొప్పి మీద 2015లో తెచ్చిన సమీక్ష పది ప్రయోగాలను, 510 మందిని చూసింది. ఏమీ చేయనివారికంటే, నామమాత్రపు చికిత్స అందినవారికంటే పిలాటిస్ చేసినవారికి మేలని తేలింది. వేరే వ్యాయామాలకంటే గొప్పదని మాత్రం తేలలేదు.

సాయంత్రం చీకటి పడ్డాక పలాస నుంచి ఒంటరిగా బయలుదేరకు. ఎంత పరిశోధన అయినా సరే. నవ్వకు, అమ్మ లేని పిల్లవు, నా కంగారు నాకుంటుంది.

వచ్చే ఆదివారం రైలెక్కి ఇక్కడికి రా. ఆ పాత రిజిస్టరు బీరువాలో ఉంది, నీకిస్తాను. సిరిమాను నుంచి వచ్చాక ‘ఆసక్తి లేదు’ అన్న మాటలన్నీ కొట్టేసి, ఇళ్లు వెతుక్కుంటూ తిరిగాను. ఏడుగురు దొరికారు, కారణాలు రాసుకున్నాను. మిగతా ఆరు గళ్లూ ఖాళీగానే ఉన్నాయి.

మీ అత్త